కొలువు దిగిన తెల్లబండ

మా చెల్లెకు ఒక మోకాలు డాక్టర్లు మార్చారు. నావి రెండూ సొంతవే గానీ, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది. ఇట్లాంటి ఇద్దరం కలిసి గోదావరి ఒడ్డున గుట్ట ఎక్కడానికి బయల్దేరడం తెలివైన పని అంటే మీరు నమ్మరు. నేనూ అనడం లేదు.

చెల్లె అంటే మా చిన్నమ్మ కూతురు. నాకంటే రెండేండ్లు చిన్నది. ఆ రెండేండ్ల సంగతి అరవై దాటినంక కూడా వారానికోసారి గుర్తుచేస్తుంది. ఖమ్మంలో పంతులమ్మగా చేసి రిటైరైంది. పోయిన నెల నా ఫోనుకు ఒక వీడియో పంపింది. అందులో ఎవరో కుర్రాడు గుట్ట అంచున నిలబడి, గోదావరిని ఇప్పుడే రిజిస్టర్ చేయించుకున్నట్టు రెండు చేతులూ చాపి ఉన్నాడు. వాడి వెనక రాతి దిమ్మె. సున్నమంతా రాలిపోయింది. నెత్తిమీద తుప్పుపట్టిన ఇనుప గూడు. కింద చెల్లె రాసింది: "అక్కా, మన తాత దిమ్మె. ఎక్కడానికి టికెట్ పెట్టిండ్రట."

ఆ గుట్ట ఎక్కడానికి మనుషులు టికెట్ కొంటారని చెబితే మా అమ్మమ్మ ముందు వాళ్ళకు దిష్టి తీసేది, తర్వాత అన్నం పెట్టేది. మేం మాత్రం కొన్నాం.

గేటు దగ్గర గైడమ్మాయి ఉంది. ఇరవై ఏండ్లుంటాయి. తలమీద టోపీ, మెడలో విజిల్. కింద పల్లె పిల్లే. ఫోన్లో వాళ్ళమ్మతో కోయ మాట్లాడుతుంది, మాతో తెలుగు మాట్లాడుతుంది, కాలేజీ పిల్లలతో విజిల్ మాట్లాడిస్తుంది. మాతోపాటు అట్లాంటి పిల్లలు పదిమంది దాకా ఉన్నారు. ఆ అమ్మాయి మా ఇద్దరినీ కింది నుంచి పైకి ఒకసారి చూసింది.

"అమ్మమ్మా, మీరు పైదాంక వస్తరా? మధ్యల బెంచీ ఉన్నది. ఆడ కూసున్నా గోదారి మంచిగనే కనవడతది."

"మేం ఈ గుట్ట రోజుకు మూడుసార్లు ఎక్కినోళ్ళం," అన్నది చెల్లె.

"అవునా, ఎప్పుడు?"

"మొన్ననే," అన్నాను. యాభై ఏండ్లు దాటిన సంగతి, పక్కనే ఉన్న చెల్లె మోకాలు చెప్పింది.

దారి పాతదే. పక్కన కర్ర కంచె కట్టారు, అక్కడక్కడా మెట్లు కొట్టారు. మొదటి మలుపులో రాళ్ళకుప్ప, దాని మీద ఎండిన రెమ్మలు. అడవి తల్లి చోటు అది. మా కాలంలో అటు పోయేవాళ్ళెవరైనా ఒక పచ్చరెమ్మ తుంచి దానిమీద వేసి పోవాల్సిందే. చెల్లె అలవాటుగా చెయ్యి చాపింది. వెంటనే విజిల్ మోగింది.

"చెట్లు తెంపొద్దు అమ్మమ్మా, రూలు."

"మరి అమ్మకు?"

గైడమ్మాయి అటూఇటూ చూసి, టోపీలో దాచిన ఒక రెమ్మ తీసి మెల్లగా చెల్లె చేతిలో పెట్టింది. "పొద్దున గేటు బయట తెంపిన. అది రూలుల రాదు."

ఆ పిల్ల మీద నాకు అక్కడే గౌరవం కలిగింది. బెంచీ దాకా అది నిలబడింది.

బెంచీ దగ్గర అందరినీ ఆపి, గొంతు సవరించుకొని, కథ మొదలుపెట్టింది.

"ఎన్కట పైన దిమ్మె మీద దీపం పెట్టేటోళ్ళు. లాంచీలకు దారి చూపిచ్చెటందుకు. ఒక దీపం తాత ఉండెటోడు. ఒకనాడు ఏమైందంటే, ఆయన ఇప్పసారా ఫుల్లుగ తాగిండు. తాగి, పూయాల్సిన బండకు కాకుంట ఇంకో బండకు సున్నం పూసిండు. లాంచి పోయి ఇసుకల కూసున్నది. అందుల ఎవరున్నరు? పెద్దాఫీసరు! ఇంకేమున్నది, దీపమూ బంద్, తాత కొలువూ బంద్."

పిల్లలు నవ్వారు. ఒకడు తాగినవాడిలా ఊగుతూ సున్నం పూసి చూపించాడు. బాగానే చేశాడు, చెప్పకూడదు గానీ.

మా తాత జీవితంలో తాగినవి రెండే. టీ ఒకటి, గోదావరి నీళ్ళు ఒకటి. రెండోది వడబోసుకొని.

చెల్లె నా మోచెయ్యి పట్టుకుంది. "విన్నవా?"

"విన్న."

"చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"పైకి ఎక్కనియ్యే. ఊపిరి మిగిలితే చెప్త."

మిగలదని నాకు లోపల ఒక ఆశ. ఇన్నేండ్లూ ఏదో ఒక అట్లాంటి ఆశతోనే నెట్టుకొచ్చాను.

*

మాది ఇల్లందు. నాన్న బొగ్గుబాయి ఆఫీసులో గుమాస్తా. బొగ్గూరి పిల్లలకు తెలుపు అనేది పుస్తకాల్లో విషయం. అమ్మ పొద్దున దండెం మీద తెల్లచీర ఆరేస్తే మధ్యాహ్నానికి అది ఏ రంగో చెప్పడానికి ఇంట్లో రెండు అభిప్రాయాలు ఉండేవి. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే రెండు బస్సులు మారి, ఆఖరున ఎద్దులబండి ఎక్కి, భద్రాచలం ఇంకా కొంత దూరం ఉందనగా ఈ గుట్ట కింద దిగేవాళ్ళం. జూలూరుపాడు నుంచి చిన్నమ్మ చెల్లెను తెచ్చి దించేది. తల ఎత్తి చూస్తే, ఆకాశానికి ఆనించి పెట్టినట్టు, పైన దిమ్మె. అంత తెల్లటి వస్తువు నేను అప్పటిదాకా చూడలేదు. పాలు కూడా మా ఊళ్ళో కొంచెం ఆలోచించే తెల్లగా ఉండేవి.

రోడ్డు ఆ రేవు దాకా ఇంకా రాలేదు. రాజమండ్రి నుంచి లాంచీలు ఎదురెక్కి వచ్చేవి. ఉప్పు, బట్టలు, కొబ్బరికాయలు, భద్రాచలం పోయే మొక్కులవాళ్ళు, అన్నీ అందులోనే. తాతది ఆ లాంచీలకు దారి చూపే కొలువు. గుట్టమీదనే రెండు గదుల క్వార్టరు. దాంట్లో కిరసనాయిలు వాసన, పక్క గదిలో అమ్మమ్మ ఆరబోసిన ఇప్పపూల తీపివాసన. రెండూ గుమ్మం దగ్గర కలుసుకొని ఒక మూడో వాసన అయ్యేది. దానికి పేరు లేదు. ఇప్పుడు ఎక్కడైనా తగిలితే అడ్రసు అడగాలనిపిస్తుంది.

పొద్దున లేవగానే తాత దీపపు గాజుబుడ్డి దించి, మెత్తటి బూడిదతో తోమి, పాత ధోవతి గుడ్డతో తుడిచేవాడు. మమ్మల్ని దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. దూరంనుంచి చూడొచ్చు. అమ్మమ్మ జొన్నగటక, మామిడికాయ తొక్కు పెట్టేది. తర్వాత మేం తునికిపండ్ల కోసం అడవిలోకి పోయేవాళ్ళం. ఎన్ని దొరికితే అన్ని తిని, ఏమీ దొరకలేదని చెప్పేవాళ్ళం. నోటిచుట్టూ ఉన్న పసుపు మరక వేరే చెప్పేది.

తాత పనిలో అసలు విషయం దీపం కాదు. బండ. అది ఇప్పుడు మీకు చెప్పాలి, లేకపోతే మేం చేసిన ఘనకార్యం అర్థం కాదు.

గోదావరి ప్రతి వరదకూ ఇసుకను ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుస్తుంది. కిందటేడు లాంచి పోయిన దారి ఈయేడు మోకాలిలోతు ఉండొచ్చు. అందుకని వరద తగ్గగానే తాత నాటుపడవ వేసుకొని, పొడుగాటి వెదురుబొంగుతో రోజుల తరబడి నీళ్ళు కొలిచేవాడు. లోతైన పాయ ఎక్కడుందో తేలినంక, ఆ పాయలో పడవ నిలిపి గుట్టవైపు చూసేవాడు. పైన దిమ్మె ఉంది కదా, సరిగ్గా దాని కిందికి, గుట్ట వాలులో ఏ బండ వస్తుందో చూసుకొని, ఆ ఒక్కదానికి సున్నం పూసేవాడు. లాంచి నడిపే సరంగు కింది నుంచి చూసుకుంటూ వస్తాడు. తెల్లబండ నెత్తిమీద దిమ్మె, కుండమీద కుండ పెట్టినట్టు నిలబడిందా, అతను లోతులో ఉన్నాడు. దిమ్మె పక్కకు జరిగిందా, అతనూ జరిగాడు. చీకటి పడ్డాక వచ్చే లాంచికి దిమ్మె మీద పెద్దదీపం, బండమీద చిన్నదీపం. అంతే శాస్త్రం.

నేను ముప్పై ఏండ్లు కాలేజీలో లెక్కలు చెప్పాను. రెండు బిందువుల గుండా ఒకే ఒక సరళరేఖ పోతుందని బోర్డుమీద రాసినప్పుడల్లా నాకు ఆ బండ, ఆ దిమ్మె కనపడేవి. మూడో బిందువు పెడితే ఏమవుతుందో పుస్తకంలో చదివే అవసరం నాకు రాలేదు.

"ఈయేడు కొలువు ఈ బండది," అనేవాడు తాత, దాని వీపు తట్టి. మరి పోయినేడు కొలువు చేసిన బండ? దాన్ని తెల్లగా వదిలిపెడితే సరంగుకు ఏది నమ్మాలో తెలియదు. అందుకని దానికి మట్టి, పేడ కలిపి పూసేసేవాడు. ఉద్యోగ విరమణ సభ అన్నమాట. దండలు లేవు.

*

ఆ ఎండాకాలం ఇంట్లో గాలి వేరుగా ఉంది. అమ్మమ్మ మాటలకు మధ్య మధ్య ఆగేది. రేవు దాకా రోడ్డు వస్తోందట. బస్సు వచ్చినంక లాంచి ఎవరెక్కుతారు, లాంచి లేనప్పుడు దీపమెందుకు అని పైవాళ్ళకు అనుమానం వచ్చిందట. ఒక ఆఫీసరు లాంచీలో వచ్చి చూసి, ఉంచాలా తీసెయ్యాలా రాస్తాడట.

"తీసేస్తే ఏడికి పోదాం?" అన్నది అమ్మమ్మ.

"బస్సు రానీయి ముందు," అన్నాడు తాత. "గోదారి ఉన్నన్ని రోజులు పడవ ఉంటది. పడవ ఉన్నన్ని రోజులు నేనుంట. సారు చూస్తడు గద, ఆయనకు కండ్లు లెవ్వా?"

ఆఫీసరు వచ్చే రోజు తెల్లవారకముందే తాత కింది రేవుకు దిగిపోయాడు, పడవకు తారు రాయించాలని, పంచె మార్చుకోవాలని, గడ్డం గీయించుకోవాలని. ముందురోజే దిమ్మెకు, బండకు కొత్త సున్నం పట్టించాడు. అమ్మమ్మ చేపల కోసం పల్లెలోకి పోయింది. మా ఇద్దరికీ ఒకే ఒక పని చెప్పారు. ఏ పనీ చెయ్యొద్దని.

కుండలో సగం సున్నం మిగిలి ఉంది. పక్కన ఈతమట్ట నలగ్గొట్టి చేసిన కుంచె. మేం వాలులో తెల్లబండ చూసుకుంటూ కూర్చున్నాం. దానికి పదిహేను అడుగుల పక్కన పోయినేటి బండ. మట్టి పూత ఎండి, పగిలి, పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది. పక్కనున్నది పెండ్లికొడుకులా మెరుస్తోంది. ఇది ఎవరో తిట్టి మూలన కూర్చోబెట్టినట్టు ఉంది.

"పాపం," అన్నది చెల్లె.

ఆ ఒక్క మాటే అన్నది. మిగతాదంతా నేను చేశాను. పోయినేడంతా ఎండలో నిలబడి లాంచీలకు దారి చూపించిన బండ, ఆఫీసరు వచ్చే రోజున మట్టికొట్టుకొని కనపడితే తాతకు మాట రాదా? ఒక తెల్లబండ ఉంటేనే ఇంత బాగుంటే రెండు ఉంటే సారు ఇంకెంత మెచ్చుకుంటాడు? నాకు అప్పటికి పదేండ్లు. క్లాసులో ఫస్టు. తెలివైన పిల్లలు చేసే పొరపాట్లు మామూలు పిల్లలకు చేతకావు.

సున్నం గట్టిపడితే నీళ్ళు పోసి నేను కలిపాను. చెల్లె వేళ్ళతో మట్టిపెచ్చులు గీకింది. కుంచె ఒకటే, అందుకని తనకు నేను చేతులతోనే పూయమన్నాను. సూర్యుడు గుట్టమీదికి వచ్చేసరికి పోయినేటి బండ తళతళా మెరుస్తోంది. నిజం చెప్పాలంటే తాత పూసినదానికంటే మాదే తెల్లగా ఉంది. తాజాగా, మందంగా ఉంది కదా. ఆ తాజాదనమే కొంప ముంచింది.

*

లాంచి వంపు తిరిగి వచ్చింది. మేం చేతులు ఊపాం. అది కొంచెంసేపు నెమ్మదించింది, ఆలోచిస్తున్నట్టు. తర్వాత మా బండవైపు తిరిగింది. మాకు ఎంత గర్వం వేసిందో చెప్పలేను. అంతలో అది ఆగింది. ఇంజను అరిచింది. నీళ్ళు కాఫీరంగులో లేచాయి. లాంచి మాత్రం కదల్లేదు.

మునగడం, చావడం లాంటివేమీ లేవు. గోదావరి నడుమ, మోకాలిలోతు నీళ్ళలో, ఇసుకమేట మీద లాంచి బర్రెలా కూర్చుంది. కోళ్ళగంప ఒకటి నీళ్ళలో పడింది. మొక్కులవాళ్ళు రాముణ్ణి పిలిచారు, తర్వాత సరంగును పిలిచారు. రెండో పిలుపులో భక్తి తక్కువగా ఉంది.

తాత కింద రేవు నుంచి గుట్ట ఎక్కి పరుగెత్తుకుంటూ వచ్చాడు. గడ్డం ఒక పక్కే గీసి ఉంది. మొదట రెండు బండల్నీ చూశాడు. తర్వాత మమ్మల్ని చూశాడు. చెల్లె చేతులు వెనక పెట్టుకొని ఉంది, ఏడుస్తోంది, గట్టిగా కాదు. తాత ఆ చేతులు ముందుకు లాగి చూశాడు. సున్నానికి వేళ్ళు పొక్కి ఎర్రగా ఉన్నాయి.

కింద ఆఫీసరు, లాంచి, అరుపులు. తాత లోపలికి పోయి నూనెగిన్నె తెచ్చాడు. గట్టుమీద కూర్చొని ఒక్కొక్క వేలికీ నూనె రాశాడు. పదివేళ్ళకీ. ఊదాడు కూడా. నా చేతికి ఏమీ కాలేదు, నా దగ్గర కుంచె ఉంది కదా. ఆ కుంచె నా వెనక దాచి ఉంది. అది కూడా చూశాడనుకుంటా.

అప్పుడు లేచి, పంచె సరిచేసుకొని, కిందికి దిగాడు. మేం వెనకాలే.

ఆఫీసరును ఇద్దరు మనుషులు భుజాల మీద మోసుకొచ్చి ఒడ్డున దింపారు. బూట్లు ఆయన చేతిలో ఉన్నాయి. సరంగు రాజమండ్రి వైపు మనిషి, ఆ యేడు ఈ దారిన రావడం అతనికి అదే మొదటిసారి, నడుం దాకా తడిసి ఉన్నాడు.

"ఏంటి బాబాయ్ గారూ ఇది! రెండు బండలకి సున్నం ఎట్టారేంటండీ? కొత్త సున్నం మీదున్నదే ఈయేటిది కాబోలు, పాతదానికి మట్టి పూయడం మర్చిపోయారు కాబోలు అనుకుని అటు తిప్పానండీ!"

ఆఫీసరు బూట్లు కింద పెట్టాడు.

"ఎవరయ్యా పూసింది?"

నేను తాత పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే ఆయనకు వినపడేంత దగ్గర. తెరిచాను కూడా. గాలి వచ్చింది, మాట రాలేదు.

"నేనే సార్," అన్నాడు తాత. "పోయినేటిది, ఈయేటిది కలగలిపిన."

"ఇంతకుముందెప్పుడైనా ఇట్లా జరిగిందా?"

"లేదు సార్. ఇదే మొదలు."

"వయసెంత?"

తాత చెప్పాడు. ఆఫీసరు చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు. తడిసిన కాగితం, పెన్ను సరిగ్గా పడటం లేదు. తాత తన తువ్వాలతో ఆ పుస్తకం తుడిచి ఇచ్చాడు. ఆయన మళ్ళీ రాసుకున్నాడు.

పల్లె మనుషులు, మొక్కులవాళ్ళు, సరంగు కలిసి వెదురుబొంగులతో నెట్టి మధ్యాహ్నానికి లాంచిని లేపారు. అందరికీ అమ్మమ్మే అన్నం పెట్టింది. ఆఫీసరు చేపలపులుసు రెండుసార్లు వేయించుకున్నాడు, మామిడికాయ ముక్కలతో సహా. ఆయన రాసినదాని మీద ఆ పులుసు ప్రభావం తర్వాత ఏమీ కనపడలేదు.

పొద్దు వాలుతుండగా తాత మట్టి, పేడ కలిపిన కుండతో మమ్మల్ని వాలులోకి తీసుకుపోయాడు. మా బండ ముందు కూర్చోబెట్టాడు.

"దీన్ని చూస్తే పాపం అనిపిచ్చిందా?" అన్నాడు చెల్లెతో.

చెల్లె తల ఊపింది.

"నాకూ అనిపిస్తది బిడ్డా. ప్రతి ఏడూ అనిపిస్తది. అయినా మట్టి పూయాలె. నీళ్ళల్ల ఉన్నోళ్ళు మన దిక్కే చూస్తరు."

చెల్లె వేళ్ళు బాగాలేవు కాబట్టి తాత, నేను పూశాం. తెలుపు పోవడానికి చాలాసేపు పట్టింది. మేం మంచి పనితనంతో పూశాం మరి.

వానలు పడకముందే కాగితం వచ్చింది. దీపం ఆపెయ్యమని, మనిషిని దించమని. రోడ్డు వచ్చింది కాబట్టి ఎట్లాగూ తీసేసేవాళ్ళేనని మా నాన్న అనేవాడు. అయి ఉండొచ్చు. కానీ కాగితంలో రోడ్డు మాట లేదు, బండ మాటే ఉంది.

తాత, అమ్మమ్మ జూలూరుపాడులో చిన్నమ్మ ఇంటికి చేరారు. తాత వెంట తెచ్చుకున్నది దీపపు గాజుబుడ్డి ఒకటే. ఆ ఇంట్లో కరెంటు ఉంది. అయినా రోజూ పొద్దున దాన్ని బూడిదతో తోమి, తుడిచి, గూట్లో పెట్టేవాడు. ఇప్పుడు మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు. మాకే ముట్టుకోబుద్ధి కాలేదు.

ఒకసారి, నేను ఇంటర్ చదివేటప్పుడు, ధైర్యం చేసి అన్నాను. "తాతా, ఆ రోజు ఆ బండ..."

"ఏ బండ?" అన్నాడు. "ఎన్ని బండలు చూసిన్నో నేను. పోయి టీ పెట్టు."

పోయి టీ పెట్టాను. నాకు అంతకంటే సుఖమైన పని ఎవరూ చెప్పలేదు.

రేవు ఊళ్ళో తాగుడు కథ ఎట్లా పుట్టిందో నాకు తర్వాత అర్థమైంది. మా తాత తెలివితో ఉండి అట్లాంటి తప్పు చేస్తాడని అక్కడ ఎవరూ నమ్మలేదు. చేశానని ఆయనే చెప్పాడాయె. ఆ రెంటినీ కలపడానికి మధ్యలో సారా పోశారు. ఒకరకంగా అది గౌరవమే. ఆ గౌరవం యాభై ఏండ్లు పెరిగి పెరిగి, ఇప్పుడు కాలేజీ పిల్లలు ఊగి చూపించే దాకా వచ్చింది.

*

పైకి చేరాం. దురదృష్టవశాత్తూ ఊపిరి మిగిలింది.

క్వార్టరు లేదు. పునాది రాళ్ళు ఉన్నాయి. దిమ్మె మాత్రం ఉంది, నేను గుర్తుపెట్టుకున్నదాంట్లో సగం ఎత్తుతో. కింద వాలులో బండలన్నీ ఒకే రంగు. చెల్లె ఒకదాన్ని చూపించి అదే మనది అంది. నేను ఇంకోదాన్ని చూపించాను. ఆ సంగతి తేల్చడానికి గోదావరిలోకి పడవ వేసుకొని పోయేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

పిల్లలు ఫోటోలకు పోయాక గైడమ్మాయి మాకు నీళ్ళసీసా తెచ్చింది.

"అమ్మా," అన్నాను, "నువ్వు చెప్పిన దీపం తాత మా తాత."

ఆ పిల్ల ముఖం మాడింది. "అయ్యో... నేను తప్పుగ అన్నట్టున్న. మా ఊళ్ళె పెద్దోళ్ళు గట్లనే చెప్తరు అమ్మమ్మా."

"వాళ్ళ తప్పు కాదు. ఆయన తాగలేదు. ఆ బండకు ఆయన సున్నం పూయలేదు."

"మరెవరు పూసిండ్రు?"

"నేను," అన్నాను.

"నేను," అన్నది చెల్లె, అదే క్షణంలో.

"నువ్వు పాపం అన్నవ్, అంతే. కలిపింది, పూసింది నేను."

"పొక్కింది నా చేతులే అక్కా. నేను పూయకుంటనే పొక్కినయా?"

"పూయమన్నది ఎవరు మరి?"

గైడమ్మాయి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఎవరో ఒక్కరు చెప్పుండ్రి అమ్మమ్మా. కథల ఇద్దరైతే వినేటోళ్ళకు గుర్తుండది."

అదీ నిజమే. చెల్లె నావైపు చూసింది. వీపు తట్టినట్టు, కొంచెం తోసినట్టు కూడా ఉంది ఆ చూపు.

"నేనని చెప్పు," అన్నాను. తర్వాత మొత్తం చెప్పాను. కొలువు దిగిన బండ, పాపమనడం, కుంచె, నూనె, పదివేళ్ళు, "నేనే సార్". చెప్పడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఇంత చిన్న పనికి ఇన్నేండ్లు ఎందుకు తీసుకున్నానో లెక్కల మాస్టరమ్మకు కూడా లెక్క దొరకలేదు.

ఆ పిల్ల మధ్యలో ఒక్కసారీ విజిల్ ఊదలేదు. ఆఖరున, "పేరేం చెప్పాలె?" అని అడిగింది.

"పేరెందుకు. ఒక పిల్ల అని చెప్పు."

వెంటనే దిగలేక దిమ్మె నీడలో కూర్చున్నాం. చెల్లె సంచీలోంచి జంతికలు తీసింది. కింద గోదావరి, మధ్యలో ఇసుకమేట, తనపని తాను చేసుకుంటూ. కాలేజీ పిల్లలు గైడమ్మాయి వెంట దిగిపోయారు, గంట దాటినంక రెండో జట్టు ఎక్కి వచ్చింది. అదే గైడమ్మాయి, అదే గొంతు సవరింపు. మమ్మల్ని చూసీ చూడనట్టు అటు తిరిగి నిలబడింది.

"ఎన్కట ఈడ దీపం తాత ఉండెటోడు. మంచి మనిషి. చాయ్ తప్ప ఏదీ ముట్టెటోడు కాదు. ఆయనకొక మనుమరాలు. పోయినేటి బండను చూసి దానికి పాపం అనిపిచ్చింది..."

చెల్లె జంతిక నమలడం ఆపేసింది. నేనూ.

"...లాంచి ఇసుకల ఎక్కింది. ఆఫీసరు సారు కోపానికొచ్చిండు. తాత నేనే చేసిన అన్నడు. అప్పుడు ఆ పిల్ల ఏం చేసిందంటే, ఏడ్సుకుంట ఉరికొచ్చి, సారు కాళ్ళ మీద వడి, 'మా తాత చెయ్యలే సార్, నేను చేసిన' అన్నది."

జట్టులో ఎవరో ఒకావిడ "అయ్యో తల్లీ" అన్నది.

"అక్కా," అన్నది చెల్లె నా చెవిలో, "నువ్వు గట్ల అనలే కదనే."

"అనలే."

"మరి చెప్పు. దిద్దు."

ముప్పై ఏండ్లు పేపర్లు దిద్దిన చెయ్యి నాది. అరమార్కు తప్పును కూడా వదల్లేదు. ఆ చేతిని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను.

గైడమ్మాయి కథలో కల్పించిన ఆ పిల్ల నాకంటే మంచిది. నోరు తెరిచినప్పుడు దానికి మాట వచ్చింది. తాతకు అట్లాంటి మనుమరాలు ఉండాల్సింది. ఇప్పటికి దొరికింది.